ఖాళీ గదికి వేడినీళ్ళు

షమిర్కాన్ ఇంట్లో అన్నిటికంటే వెచ్చటి గదిలో ఎవరూ ఉండరు. అది అతిథుల గది. నాలుగు కిటికీలు, ఒక్కో కిటికీ కింద ఒక్కో పొడుగాటి రేడియేటర్, నేలంతా తివాచీలు, గోడవారగా పైకప్పు అందుకునేలా పేర్చిన పట్టు పరుపులు, మధ్యలో పెద్ద బల్ల, దాని మీద గాజు పళ్ళాల్లో ఎండిన ఖుబానీలు, మిఠాయిలు. కొరికితే పళ్ళూడిపోయేంత పాతవి. ఏ పెద్దమనిషి ఎప్పుడొస్తాడో ఎవరికి తెలుసు? అందుకని చలికాలం మొదలైనప్పటినుంచీ ఆ గది స్నానాలగదిలా కాగుతూనే ఉంది. ఇంతవరకూ వచ్చిన పెద్దమనిషి ఒక్కడే, కరెంటు మీటరు చూసుకునేవాడు. వాడు కూడా బూట్లు విప్పడానికి బద్ధకించి గుమ్మంలోంచే వెళ్ళిపోయాడు.

ఇంటికి ఆ చివర, నడవా దాటాక, కోడలు చోల్పన్ గది. అక్కడ ఒకే రేడియేటర్. దాని మీద చెయ్యి పెడితే వేడిగా ఉందా చల్లగా ఉందా అని కాసేపు ఆలోచించాలి. కొండల మధ్యనున్న ఆ నారిన్ ఊళ్ళో జనవరి చలి గురించి చెప్పేదేముంది, కిటికీ అద్దం లోపలివైపున కూడా మంచు పేరుకుంటుంది. ఆమె ఎనిమిది నెలల కూతురు ఆరూకె టోపీతో, రెండు స్వెటర్లతో నిద్రపోతుంది. నిద్రలో దగ్గుతుంది.

ఆ ఇంటికి బొగ్గు మోసేది చోల్పనే. తెల్లవారగానే బాయిలర్ గదిలోకి వెళ్ళి బూడిద దులిపి, పెద్ద బొగ్గుగడ్డల్ని సుత్తితో పగలగొట్టి, రెండు బకెట్లు లోపల వేసి, నిప్పు అంటుకునేదాకా ఆ చిన్న తలుపు ముందు గొంతుక్కూర్చుంటుంది. ఇంటికంతటికీ వేడి ఆ చేతుల మీదుగానే పోతుంది. పోయి పోయి ఖాళీ గదిలో కూర్చుంటుంది. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా ఆమెకి ఒళ్ళు మండేది. ఒళ్ళు మండితే మాత్రం గది వెచ్చబడదు కదా.

సోమవారం పొద్దున టీ దగ్గర షమిర్కాన్ గొంతు సవరించుకున్నాడు. ఆయన రోడ్ల శాఖలో చిన్న అధికారిగా రిటైరయ్యాడు. ఇప్పటికీ ఇంట్లో ఉప్పు అడగాలన్నా ఉత్తర్వు జారీ చేసినట్టే అడుగుతాడు.

"పిల్ల దగ్గుతోంది. ఆ గదిలో ఉంచడానికి వీల్లేదు. ఇకనుంచి మా దగ్గర పడుకుంటుంది," అన్నాడు. "ఎలాగూ మొదటి బిడ్డ తాత నానమ్మలదే. మా పెద్దాణ్ణి మా అమ్మ పెంచలేదా? ఏం, వాడికేం తక్కువైంది?"

చోల్పన్ చేతిలో టీ గిన్నె అలాగే ఆగిపోయింది. పడుకోవడమంటే ఉత్తినే పడుకోవడం కాదని ఆమెకి తెలుసు. ఇక్కడ తాత పక్కలో పడుకున్న పిల్ల తాత పిల్లయిపోతుంది. తాతని నాన్నా అంటుంది, నానమ్మని అమ్మా అంటుంది. కన్నది పక్క గదిలో బట్టలుతుకుతూ ఉంటుంది.

ఆమె మొగుడికేసి చూసింది. ఎర్మెక్ నూనెలో వేయించిన రొట్టెముక్కని టీలో ముంచి, అది మెత్తబడటం తప్ప ఈ లోకంలో ఇంకేమీ జరగడం లేదన్నట్టు దాన్నే చూస్తున్నాడు. అత్త బురుల్ తలెత్తలేదు. ఆమె ఒళ్ళో చిన్న పక్కబట్ట ఉంది, అంచు కుడుతోంది. పిల్ల పక్కబట్ట! అప్పుడే సిద్ధం చేసేసుకుంటోంది ముసల్ది, అనుకుంది చోల్పన్. ఆ సూది అత్త వేలికి దిగితే బాగుణ్ణనిపించింది.

"గది వెచ్చబడితే, మామయ్యా?" అంది.

కోడలు టీ దగ్గర నోరు తెరవడం ఆ ఇంట్లో కొత్త. షమిర్కాన్ కనుబొమలు పైకెత్తాడు. "వెచ్చబడితే నీ దగ్గరే ఉంచుకో. నేనేమన్నా రాక్షసుణ్ణా? ఆ పంపుకి దమ్ము లేదు, అంతే. నీళ్ళని చివరిదాకా తొయ్యలేకపోతోంది. దమ్మున్న పంపు తెస్తాను. శుక్రవారం దాకా చూద్దాం. అప్పటికీ వెచ్చబడకపోతే మాత్రం ఇంక మాట్లాడొద్దు."

అలా చోల్పన్ కూతురు ఎవరి కూతురవుతుందో తేల్చే పని ఒక పంపు మీద పడింది.

మందు కొనాలన్న సాకుతో ఆమె కూడా బజారుకి బయల్దేరింది. బయల్దేరేముందు బాయిలర్ గదిలోకెళ్ళి, పాత పంపు రెండు అంచుల మధ్య దూరం దర్జీ టేపుతో కొలిచి, గొట్టం లావెంతో చూసుకుని, ఆ అంకెలు బొగ్గంటిన అరచేతి మీద పెన్నుతో రాసుకుంది. షమిర్కాన్ అది చూసి నవ్వాడు. "చెయ్యి చూపించి పంపు కొంటావా? జాతకం చెప్పించుకోవడానికి వెళ్తున్నట్టుంది!"

సామాన్ల కొట్టు మర్జాన్ది. తలకి శాలువా, చేతివేళ్ళు బయటకొచ్చే గ్లవ్స్, నోట్లో పొద్దుతిరుగుడు గింజలు. మర్యాద అనేది ఎవరైనా కొనడానికొస్తే అమ్మేసినట్టుంది, ఆమె దగ్గర మాత్రం లేదు.

"పంపు కావాలి. పెద్దది," అన్నాడు షమిర్కాన్.

"ఇంటికా, ఊరికా?"

"ఇంటికే. రెండు గదుల ఇల్లనుకుంటున్నావేమో. నాది పెద్ద ఇల్లు."

"అందరివీ పెద్దిళ్ళే, బాబాయ్. బాయిలర్ ఎంతది? గొట్టాలు లావువా, సన్నవా? పైన ట్యాంకు మూసిందా, తెరిచిందా?"

"నేను రోడ్ల శాఖలో ముప్పై ఏళ్ళు చేశాను," అన్నాడు షమిర్కాన్, అడిగినవాటన్నిటికీ అదే జవాబన్నట్టు.

"రోడ్ల మీద వేడినీళ్ళు పారిస్తారా అక్కడ?" మర్జాన్ గింజ తొక్క ఉమ్మింది. చోల్పన్ ముందుకొచ్చి అరచెయ్యి చాపింది. గొట్టాలు లావువి, వాలుగా వేసినవి, ట్యాంకు అటక మీద తెరిచే ఉంటుంది అని చెప్పింది. మర్జాన్ ఆ చెయ్యి పట్టుకుని వెలుతురుకేసి తిప్పి, చదివి, పై అరలోంచి చిన్న డబ్బా తీసి కౌంటరు మీద పెట్టింది.

"ఇదీ. పాతది ఉన్న చోటే చక్కగా కూర్చుంటుంది, ఏదీ కొయ్యక్కర్లేదు. మీ ఇంటికి ఇది ఎక్కువే."

షమిర్కాన్ ఆ డబ్బాని ఒక వేలితో పక్కకి జరిపాడు. "ఇదా? పాతది కూడా ఇంతే ఉంది. చివరి గదికి వేడే పోవడం లేదంటుంటే!"

"చివరి గదికి ముందు ఏ గదుంది?"

"అతిథుల గది."

"రేడియేటర్లెన్ని?"

"నాలుగు. పొడుగువి," అంది చోల్పన్.

"అన్నిటి కుళాయిలూ బార్లా తెరిచి ఉంటాయి కదూ?" మర్జాన్ నవ్వింది. "మరి నీళ్ళకేం పట్టింది చివరిదాకా పోవడానికి? తేలికదారి ఉన్న చోటికే పోతాయి, సోమరిపోతుల్లా. బాయిలర్ కాచిందంతా ఆ నాలుగే తాగేస్తున్నాయి. వాటిని సగం కట్టెయ్యండి, చివరి గదిలో చెమటలు పడతాయి. అది కుళాయి జబ్బు, బాబాయ్. పంపుది కాదు."

షమిర్కాన్ మొహం కందగడ్డలా అయింది. "అంటే నా అతిథి చలిలో కూర్చోవాలా?"

"అతిథులున్నారా ఇప్పుడు?"

"వస్తే?"

"వస్తే తిప్పుకోండి. వాళ్ళు బూట్లు విప్పేలోపు వేడెక్కుతాయి."

"మనిషి వచ్చాక వేడిచేసే కొంప కాదమ్మా మాది! మా నాన్న గుడారంలో ఉన్న రోజుల్లో కూడా నిప్పు ఆరలేదు. తలుపు తీయగానే వేడి మొహానికి కొట్టాలి. అదీ ఇల్లంటే!"

మర్జాన్ అతన్ని కాసేపు ఎగాదిగా చూసింది. తర్వాత వంగి, కింది అరలోంచి గొర్రెపిల్లంత డబ్బా ఒకటి బయటకి లాగింది. "ఇదిగో. మూడంతస్తుల బడికి వేసేది. ఇంతకంటే పెద్దది ఈ బజారులో లేదు."

"అదీ!" అన్నాడు షమిర్కాన్.

"అక్కా, అది మా గొట్టానికి సరిపోదు కదా," అంది చోల్పన్.

"సరిపోదు," అంది మర్జాన్, బిల్లు రాస్తూనే. "సరిపోయేది చూపించాను. వద్దన్నారు. నేను కొట్టు పెట్టుకున్నాను తల్లీ, బడి కాదు."

షమిర్కాన్ ఆ డబ్బాని, విందులో పెద్దమనిషికని మర్యాదగా తన ముందు పెట్టిన గొర్రె తలకాయ అన్నట్టు, రెండు చేతులా ఎత్తి పట్టుకుని బజారు మధ్యలోంచి కారుదాకా నడిచాడు. దారిలో ఇద్దరు ముగ్గురికి ఆగి చూపించాడు కూడా. వెనకాల దగ్గుమందు సీసా పట్టుకుని నడుస్తున్న చోల్పన్, టోపీ తగిలించుకోవడానికి తప్ప తలకాయని దేనికీ వాడని మనిషి ఈయన, అనుకుంది.

మర్నాడు బిగించేవాడు దోలోత్ వచ్చాడు. పెళ్ళివిందుకి వచ్చినట్టు సరిగ్గా భోజనం వేళకి వచ్చి, నూడుల్స్ రెండుసార్లు పెట్టించుకుని, అప్పుడు బాయిలర్ గదిలోకి వెళ్ళాడు. పాత పంపు విప్పి, కొత్తది ఆ ఖాళీలో పెట్టబోయాడు. అది పట్టలేదు. అడ్డంగా పెట్టి చూశాడు. నిలువుగా పెట్టి చూశాడు.

"మామా, ఇది ఇక్కడ పట్టదు."

"పట్టించు."

"గొట్టం కొయ్యాలి."

"కొయ్యి."

దోలోత్ భుజాలెగరేశాడు. కొయ్యమన్నవాడికి లేని బాధ కోసేవాడికెందుకు? సాయంత్రందాకా రంపం కీచుమంటూనే ఉంది. నిప్పు ఆర్పేసిన ఇంట్లో అందరూ కోట్లు వేసుకు కూర్చున్నారు. చోల్పన్ ఆరూకెని తన స్వెటర్ లోపల పెట్టుకుని, ఒక చేత్తో కోసిన గొట్టంలోంచి కారుతున్న నల్లటి నీళ్ళకి బకెట్లు మార్చింది. ఎర్మెక్ టార్చిలైటు పట్టుకున్నాడు. పెళ్ళయ్యాక అతను చేసిన పనుల్లో ఇదే బరువైనది.

నీళ్ళు నింపి, బొగ్గు మళ్ళీ రాజేసి, స్విచ్చి వేయగానే ఇల్లంతా అదిరింది. గొట్టాల్లో నీళ్ళు ఈల వేశాయి. షమిర్కాన్ తిన్నగా అతిథుల గదిలోకి వెళ్ళి రేడియేటర్ మీద అరచెయ్యి ఆనించి, వెంటనే లాక్కుని, ఊదుకుంటూ బయటకొచ్చాడు. ఆయన మొహంలో అంత సంతోషం మనవరాలు పుట్టినప్పుడు కూడా ఎవరూ చూడలేదు.

"చూశారా దమ్ము!"

"నా గదిలో ఇంకా రాలేదు, మామయ్యా," అంది చోల్పన్.

"వస్తుంది. దానికి దారి తెలియాలి కదా!"

దారి తెలిసింది అటకకి. అంత జోరుకి నీళ్ళు పైనున్న ట్యాంకులోకి ఎగదన్ని, అంచుమీంచి పొర్లి, నడవా పైకప్పులోంచి బొట్లుబొట్లుగా చోల్పన్ గుమ్మం ముందే కారడం మొదలుపెట్టాయి. నీళ్ళు అక్కడ నురగలు కక్కుకుంటూ గాలిని కూడా మింగాయి. ఆ గాలి ఇల్లంతా తిరిగి చివరి రేడియేటర్లో చేరి కూర్చుంది. ఇదివరకు గోరువెచ్చగానైనా ఉండేది, ఇప్పుడు పైసగం చచ్చిన చేపలా చల్లబడింది. చోల్పన్ గిన్నె ఒకటి కింద పెట్టి, దాని చివరనున్న మర స్క్రూడ్రైవరుతో వదులు చేస్తే గాలి బుస్సుమని వచ్చేది, వెనక నీళ్ళు చిమ్మేవి, కాసేపు కాస్త వెచ్చబడేది. మళ్ళీ మామూలే. మంగళవారం రాత్రి, బుధవారమంతా ఆమె చేసిన పని ఇదే. ఆరూకె దగ్గు మాత్రం పెరిగింది.

బుధవారం పెద్ద కొడుకు కుబాత్ బిష్కెక్ నుంచి ఫోన్ చేశాడు. బురుల్ ఫోన్ ఎత్తింది. అవతలి గొంతు నడవాదాకా వినిపించింది: "బాగున్నావా వదినా? అన్నకివ్వు ఫోను."

నానమ్మ పెంచిన కొడుకు, కన్నతల్లిని వదినా అంటాడు, కన్నతండ్రిని అన్నా అంటాడు. నలభై ఏళ్ళవాడైనా అంతే. ఆ ఇంట్లో ఎవరికీ అది వింతకాదు. బురుల్ ఫోను మొగుడి చేతికిచ్చి, చెయ్యి కొంగుకి తుడుచుకుని, మళ్ళీ పిండి పిసుక్కోవడానికి వెళ్ళిపోయింది.

"పంపంటే పంపురా! ఇల్లు ఊగిపోతోంది," అంటున్నాడు షమిర్కాన్. "ఆ చివరి గదే... ఊఁ, దానికింకో పంపు పెడితే ఎలా ఉంటుందంటావ్?"

చోల్పన్ కి నవ్వొచ్చింది. ఏడుపు రావాల్సిన చోట నవ్వొచ్చింది.

గురువారం మామ కారు బ్యాటరీ చూపించుకోవడానికి వెళ్ళగానే ఆమె అతిథుల గదిలోకి వెళ్ళింది. మోకాళ్ళ మీద కూర్చుని, ఒకదాని తర్వాత ఒకటి నాలుగు కుళాయిల్నీ సగానికంటే ఎక్కువే కట్టేసింది. ఎప్పుడూ తిప్పని కుళాయిలు, మొదట మొరాయించాయి. గుడ్డ చుట్టి రెండు చేతులా తిప్పింది. గొట్టాల్లో మోత మారింది. తన గదికి పరిగెత్తి రేడియేటర్ పక్కనే కూర్చుంది.

ముందు కింది అంచు వేడెక్కింది. తర్వాత మధ్యభాగం. పిల్లకి పాలిచ్చి పక్కమీద వేసేసరికి పైన చెయ్యి పెట్టలేకపోయింది. కిటికీ మీది మంచు కరిగి, గోడమీంచి సన్నగా కారింది. చోల్పన్ పిల్ల టోపీ తీసేసింది. చెమటకి జుట్టు నుదుటికి అంటుకుని ఉంది. పిల్ల కాళ్ళు రెండూ గాల్లోకెత్తి, తన వేళ్ళని తనే కొత్తగా చూసుకుంది. చోల్పన్ కి ప్రాణం లేచొచ్చింది. ఆ కొట్టు మనిషికి వెళ్ళి దణ్ణం పెట్టాలనుకుంది.

కానీ షమిర్కాన్ ఇంటికొస్తూనే, కోటైనా విప్పకుండా, అతిథుల గదిలోకి వెళ్ళి రేడియేటర్లు తడిమి చూసుకోవడం అలవాటు చేసుకున్నాడు. ఆ రోజూ తడిమాడు.

"ఎవరు?" ఆ కేకకి పిల్ల ఉలిక్కిపడి ఏడ్చింది. "నా ఇంట్లో నా అతిథిని అవమానించేది ఎవరు?"

"నేనే, మామయ్యా. వచ్చి నా గది చూడండి. వెచ్చబడింది. పిల్ల..."

"నీ గది! నీ గది కోసం ఊళ్ళో నా పరువు తియ్యాలా? రేపెవరైనా వచ్చి, షమిర్కాన్ ఇల్లు చల్లగా ఉందంటే? ఆ మాట నువ్వు పడతావా?"

"ఎవరొస్తారు?" అంది చోల్పన్. నోరు జారింది. కానీ జారినందుకు బాధేమీ కలగలేదు.

 షమిర్కాన్ పెట్టెలోంచి పట్టకారు తెచ్చి, నాలుగు కుళాయిల్నీ బార్లా తెరిచి, వాటి పిడులు నాలుగూ ఊడదీసి కోటు జేబులో వేసుకున్నాడు. నడుస్తుంటే అవి గలగలమన్నాయి. "రేపు శుక్రవారం," అన్నాడు గుమ్మంలో ఆగి. "నమాజుకెళ్ళి వచ్చాక పిల్ల మా గదిలో ఉండాలి."

ఎర్మెక్ గోడకానుకుని నిలబడి ఉన్నాడు. చోల్పన్ అతనికేసి చూసింది.

"నాన్నగారు చెప్పారు కదా," అన్నాడు.

పెళ్ళయినప్పటినుంచీ అతను ఆ ఒక్క మాట మీదే కాపురం చేస్తున్నాడు.  చోల్పన్ కి ఆ మొహం మీద ఇంకో మాట ఖర్చుపెట్టడం కూడా దండగనిపించింది.

శుక్రవారం తండ్రీ కొడుకులు మసీదుకి బయల్దేరారు. కారు చప్పుడు సందు మలుపు తిరిగేదాకా చోల్పన్ కిటికీ దగ్గరే నిలబడింది. తర్వాత తన పరుపు చుట్టి, భుజాన వేసుకుని, నడవాలో కారే నీళ్ళ గిన్నెలు దాటుకుంటూ అతిథుల గదిలోకి వెళ్ళింది. బల్లని గోడకి నెట్టింది. ఖుబానీల పళ్ళెం జారి తివాచీ మీద దొర్లింది, తియ్యలేదు. గుమ్మానికి ఎదురుగా, పెద్దల్లో పెద్దవాణ్ణి కూర్చోబెట్టే చోట పరుపు పరిచింది. రెండోసారి వెళ్ళి పిల్ల బట్టలు, దగ్గుమందు తెచ్చింది. మూడోసారి పిల్లని తెచ్చింది. ఆరూకె ఆ వేడికి రెండు ఆవులింతలు తీసి, స్వెటర్ లేకుండా, టోపీ లేకుండా, చేతులు బార్లా చాపి నిద్రపోయింది. దగ్గలేదు.

బురుల్ వంటింటి గుమ్మంలోంచి ఈ రాకపోకలన్నీ చూసింది. ఒక్క మాటా అనలేదు. చెప్పడానికి మొగుడు రావాలి కదా, అనుకుంది చోల్పన్. ఈ ముసల్దానికి సొంతంగా కోపం కూడా రాదు.

షమిర్కాన్ తలుపు బార్లా తెరిచి అలాగే నిలబడిపోయాడు. వెనకాల ఎర్మెక్.

"ఇదేంటి? ఇది అతిథుల గది!"

"గది వెచ్చగా ఉంటే పిల్ల నా దగ్గరే ఉంటుందన్నారు, మామయ్యా. ఇది వెచ్చగా ఉంది," అంది చోల్పన్.

"నీ గది అన్నాను!"

"నా గదికి వేడి పంపే పిడులు మీ జేబులో ఉన్నాయి."

ఆయన జేబు గట్టిగా పట్టుకున్నాడు. "నా ముందే ఎదురు మాట్లాడుతోంది! రేపు నలుగురూ వస్తే ఎక్కడ కూర్చోబెట్టను? ఏయ్, ఎక్కడున్నావ్? వచ్చి పిల్లని తీసుకో!"

బురుల్ వచ్చింది. పిండి చేతులు తుడుచుకుంటూ మొగుణ్ణి దాటుకుని, తివాచీ మీద తిన్నగా నడిచి పరుపు దగ్గర వంగింది. చోల్పన్ రెండు చేతులూ పిల్ల మీద అడ్డంగా పెట్టింది. ఇప్పుడు లాక్కుంటే కరిచేస్తాను, అనుకుంది. నిజంగానే అనుకుంది.

బురుల్ పిల్లని ముట్టుకోలేదు. కాసేపు ఆ నిద్రమొహంకేసి చూసి, మోకాళ్ళు పట్టుకుని మెల్లగా, పిల్లకీ గుమ్మానికీ మధ్య కూలబడింది. ఆ గదిలో ఎన్ని విందులు జరిగినా ఆమె గుమ్మం పక్కన, టీ కెటిల్ దగ్గరే కూర్చునేది. అంత పైకి ఎప్పుడూ రాలేదు.

"షమిర్కాన్," అంది, "అరవకు. తలుపు వేసి వెళ్ళు, చలి లోపలికొస్తోంది."

ఎర్మెక్ నోరు వెళ్ళబెట్టాడు. మొగుడి పేరు ఆమె నోట ఎవ్వరూ విని ఉండరు. పిలవాల్సి వస్తే "ఇదిగో పిల్లల తండ్రీ" అనేది, కాగితాల మీద రాయాల్సి వచ్చినా పక్కవాళ్ళచేత చెప్పించేది. షమిర్కాన్ తన పేరు తనది కానట్టు అటూ ఇటూ చూశాడు. ఆమె మళ్ళీ అతనికేసి చూడలేదు. గుమ్మంలో ఎవరూ లేనట్టే, తివాచీ మీద దొర్లిన ఖుబానీ ఒకటి తీసి, పనికిరాదని చూసి, పక్కన పడేసింది.

తలుపు మూసుకుంది. జేబులో పిడులు గలగలమంటూ నడవాలో దూరమయ్యాయి.

"కుబాత్ని తీసుకున్నప్పుడు వాడు ఇంతే ఉన్నాడు," అంది బురుల్, పిల్లకేసే చూస్తూ. "మధ్యలో గోడ ఒక్కటే. వాడు అటు ఏడిస్తే ఇటు నా రవిక తడిసిపోయేది. వెళ్ళకూడదన్నారు. గుడ్డ చుట్టుకుని బట్టలుతుక్కున్నాను. ఈ మనిషి ఆ పక్కనే కూర్చుని పేపరు చదువుకున్నాడు."

చోల్పన్ పిల్ల మీద అడ్డం పెట్టిన చేతులు తీసేసింది. "అత్తయ్యా, ఆ పక్కబట్ట కుడుతుంటే నేను..."

"నువ్వేమనుకున్నావో నాకు తెలుసు. నీ మొహంలో అన్నీ కనిపిస్తాయి, దాచుకోవడం రాదు నీకు. పెళ్ళయి రెండేళ్ళు కాలేదు, మామంటే అప్పుడే నీకింత అసహ్యం." బురుల్ పెదవి ఒక పక్కకి వంకరపోయింది. "నాది నలభై ఏళ్ళది. ఒక్క రోజు బయటపడిందా?"

బాయిలర్ గదిలోంచి పంపు మోత గోడల్లోంచి వస్తూనే ఉంది. చోల్పన్ అలవాటుగా లేవబోయింది. "బొగ్గు వేసే వేళయింది."

"కూర్చో," అంది బురుల్. "చేతులు వాళ్ళకీ ఉన్నాయి."

  రేడియేటర్లు కొద్దికొద్దిగా చల్లబడుతున్నాయి. తర్వాత బాయిలర్ గది తలుపు కిర్రుమంది, బకెట్ దేనికో తగిలి బోర్లా పడింది, షమిర్కాన్ ఎవర్నో తిట్టాడు, పార తిరగేసి పట్టుకున్నట్టు బొగ్గు మీద గీరుకుంది.